కర్టెన్ లైనింగ్‌ని అడుగున వదిలేయండి

లైనింగ్, అంటే వెనక ఇంకో బట్ట, వేసి కర్టెన్లు కుట్టాలనుకుంటున్నామని ఎవరు చెప్పినా నేను మొదట చెప్పే మాట ఒకటే. పై బట్టనీ లైనింగునీ అడుగున కలిపి కుట్టకండి. పక్కలు కలపండి, పైన కలపండి, అడుగున మాత్రం దేని అంచు దానికి విడిగా మడిచి కుట్టి వదిలేయండి. దిండు గలీబులా చుట్టూ కుట్టేసి తిరగేస్తే పని తొందరగా అయిపోతుంది, బల్ల మీద పరిచినప్పుడు ముచ్చటగా కూడా ఉంటుంది, కానీ వేలాడదీసిన కొన్నాళ్ళకి అసలు సంగతి బయటపడుతుంది. రెండు బట్టలూ ఒకేలా సాగవు, ఒకేలా కుంచించుకుపోవు. గాల్లో తేమ పెరిగితే ఒకటి కిందికి దిగుతుంది, ఉతికితే ఇంకొకటి పొట్టిదవుతుంది. లైనింగ్ పొట్టిదైతే పై బట్టని లోపలికి లాగేసి అడుగు అంచంతా వంకర్లు తిరుగుతుంది, పై బట్ట పొట్టిదైతే లైనింగ్ అడుగున ఉబ్బి కనపడుతుంది. అప్పుడు ఎంత ఇస్త్రీ చేసినా లాభం లేదు, కుట్టు విప్పాల్సిందే.

అసలు లైనింగ్ ఎందుకు, అంత బట్ట దండగ కదా అనేవాళ్ళకి నా జవాబు, ఎండ. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగుని వెలిసిపోయేలా చేయడంతో ఆగవు, పోగునే పెళుసుగా మార్చేస్తాయి. పట్టు వీటికి అన్నిటికంటే ముందు లొంగిపోతుంది. ఎండ తగిలే కిటికీకి ఉత్త పట్టు కర్టెన్ వేస్తే, ఎప్పుడూ వెలుతురు వైపు ఉండే మడతల దగ్గర బట్ట నిలువునా చీలడం మొదలవుతుంది. లైనింగ్ ఉంటే ఆ దెబ్బ లైనింగ్ తింటుంది, అది పాడైతే విప్పి కొత్తది వేసుకోవచ్చు, మనం ఇష్టపడి కొనుక్కున్న పై బట్ట మాత్రం అలాగే ఉంటుంది. దీనికి తోడు పల్చటి బట్ట కూడా లైనింగ్ పడగానే నిండుగా, బరువుగా వేలాడుతుంది, రెండు బట్టల మధ్య నిలిచే గాలి వల్ల వేడీ చలీ కొంత ఆగుతాయి. ఇన్ని లాభాలున్నప్పుడు ఉత్త కర్టెన్ కుట్టడానికి నాకు మనసు రాదు.

ఇక కొలతలు. కిటికీని కొలవకండి, రాడ్డుని కొలవండి. రాడ్డు ఇంకా బిగించకపోతే ముందు బిగించాకే బట్ట కొనండి, ఎందుకంటే రాడ్డు నాలుగు వేళ్ళు పైకి వెళ్ళినా కిందికి వచ్చినా లెక్కంతా మారిపోతుంది. రాడ్డు కిటికీకి రెండు పక్కలా ఆరేసి అంగుళాలైనా ఎక్కువ ఉండాలి. అప్పుడే కర్టెన్లు తెరిచినప్పుడు బట్ట గోడ మీదికి జరుగుతుంది, కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది.

వెడల్పు విషయంలో పిసినారితనం వద్దు. రాడ్డు ఎంత పొడుగుందో దానికి కనీసం రెట్టింపు బట్ట ఉంటేనే కుచ్చులు అందంగా పడతాయి. పల్చటి బట్టకి రెండున్నర రెట్లు కూడా పెట్టచ్చు. ఖరీదైన బట్టని రెట్టింపు లేకుండా లాగి లాగి వేయడం కంటే, మామూలు నూలు బట్ట నిండుగా వేయడమే నయమని నా గట్టి నమ్మకం.

ఒక లెక్క చేసి చూపిస్తాను. రాడ్డు 72 అంగుళాలు, కర్టెన్లు రెండు, తయారయ్యాక ఉండాల్సిన పొడవు 84 అంగుళాలు, బట్ట పన్నా, అంటే తాను వెడల్పు, 54 అంగుళాలు అనుకుందాం. 72కి రెట్టింపు 144. ఒక్కో కర్టెన్‌కి పక్క మడతల కోసం నాలుగేసి అంగుళాల చొప్పున 8 కలిపితే 152, జాయింట్లకి ఇంకో 2, మొత్తం 154. అంటే మూడు పన్నాలు కావాలి, అవి 162 వస్తాయి. ఒక్కో కర్టెన్‌కి ఒకటిన్నర పన్నా అన్నమాట. ఆ సగం ముక్కని ఎప్పుడూ గోడ వైపుకి వచ్చేలా కలపండి, నిండు పన్నా మధ్యలోకి రావాలి, అప్పుడు జాయింటు పక్కకి పోయి కంటపడదు. పొడవుకి 84, అడుగు మడతకి 8, పైన 2, వెరసి ఒక్కో ముక్క 94 అంగుళాలు. మూడు ముక్కలకి 282 అంగుళాలు, అంటే ఏడుంపావు మీటర్ల లోపే.

ఇది సాదా బట్టకి. డిజైన్ ఉంటే లెక్క వేరు. పువ్వో తీగో ఎన్ని అంగుళాలకి ఒకసారి మళ్ళీ వస్తుందో చూసుకోవాలి. 25 అంగుళాలకి ఒకసారి వస్తుందనుకోండి, 94 అంగుళాల ముక్కకి నాలుగు డిజైన్లు, అంటే వంద అంగుళాలు తీసుకోవాలి, మూడు ముక్కలకి మూడొందలు. ఆ ఆరేసి అంగుళాలూ వృథా అనిపిస్తాయి కానీ, పక్కపక్కనే వేలాడే రెండు కర్టెన్ల మీద పువ్వులు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటే గదిలోకి వచ్చిన ప్రతిసారీ కన్ను అక్కడికే పోతుంది. మిగిలిన ముక్కలు కర్టెన్‌ని పక్కకి లాగి కట్టే పట్టీలకి సరిపోతాయి.

కోసే ముందు నూలు బట్టా, నూలు లైనింగూ రెండూ తడపండి. నూలు మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది, ఏడడుగుల కర్టెన్‌లో నూటికి మూడు వంతులు తగ్గినా రెండున్నర అంగుళాలు పోయినట్టే. తర్వాత ఉతికే ఆలోచన లేకపోతే, డ్రైక్లీనింగ్‌కే ఇచ్చే బట్టయితే తడపక్కర్లేదు, ఆవిరి ఇస్త్రీ చేస్తే చాలు. ఈ తడిపే పని వల్ల కొత్త బట్ట మెరుపు కాస్త తగ్గుతుందని చాలామంది మానేస్తారు. మెరుపు ఎలాగూ మొదటి ఉతుకుతో పోయేదే.

కోయడం నిటారుగా ఉండాలి, అదెంత చెప్పినా తక్కువే. సాదా బట్టయితే అడ్డం పోగు ఒకటి పట్టుకుని మెల్లగా లాగండి, బట్ట మీద సన్నటి గీత పడుతుంది, దాని వెంటే కత్తెర నడపండి. అచ్చు వేసిన బట్టలో డిజైన్ కొన్నిసార్లు పోగుతో సమానంగా ఉండదు, కొంచెం ఏటవాలుగా పడి ఉంటుంది. అప్పుడు పోగుని వదిలేసి డిజైన్‌ని బట్టే కోయాలి, చూసేవాళ్ళ కంటికి కనపడేది డిజైనే. ఆ ఏటవాలు అంగుళానికి మించి ఉంటే ఆ బట్ట కొనకుండా ఉండడం మేలు. వెల్వెట్ లాంటి నూగు బట్టయితే ముక్కలన్నీ ఒకే దిక్కున వేలాడాలి, ఒకటి తలకిందులైతే అది వేరే రంగులా కనపడుతుంది. పన్నాకి రెండు వైపులా ఉండే గట్టి అంచుని కత్తిరించేయండి, లేదా నాలుగైదు అంగుళాలకి ఒక గాటు పెట్టండి. ఆ అంచు మిగతా బట్టకంటే బిగువుగా నేసి ఉంటుంది, అలాగే వదిలేస్తే జాయింటు పొడవునా ముడతలు లాగుతుంది.

జాయింట్లు వేసేటప్పుడు డిజైన్ కలవాలంటే ఒక ముక్క అంచుని అర అంగుళం మడిచి ఇస్త్రీ చేసి, దాన్ని రెండో ముక్క మీద డిజైన్ కలిసేలా జరిపి, పైనుంచే పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేయండి, తర్వాత మడత విప్పి ఇస్త్రీ పడ్డ గీత మీద మిషన్ కుట్టు వేయండి. ఇందులో తొందర పనికిరాదు.

మిషన్ గురించి రెండు మాటలు. కొత్త సూది వేయండి, మామూలు కర్టెన్ బట్టకి 90, బాగా మందమైతే 100 నంబరు. కుట్టు పొడవు మూడు మిల్లీమీటర్లకి పెంచండి, దారం బిగువు కాస్త తగ్గించండి. పొడుగు కుట్లలో అందరినీ ఏడిపించే విషయం ఒకటుంది, మిషన్ కింద పళ్ళు కింది బట్టని ముందుకి లాగుతుంటే, పైన పాదం పై బట్టని ఆపుతుంది. ఏడడుగుల కుట్టు చివరికొచ్చేసరికి పై బట్ట అంగుళం మిగిలిపోతుంది. గుండుసూదులు కుట్టుకి అడ్డంగా దగ్గర దగ్గరగా పెట్టడం, కొంచెం వదులుగా సాగే బట్టని కింది వైపు ఉంచడం, బట్టని ముందూ వెనకా సమానంగా పట్టుకోవడం, ఇవే మందు. అన్ని కుట్లూ పైనుంచి కిందికే వేయండి. అప్పుడు ఏమైనా తేడా వచ్చినా అంతా అడుగు అంచుకే చేరుతుంది, అక్కడ ఎలాగూ సరిచేసుకుంటాం.

లైనింగ్‌ని పై బట్టకంటే ఆరు అంగుళాలు వెడల్పు తక్కువగా కోయండి. మన లెక్కలో ఒకటిన్నర పన్నా కలిపాక పై బట్ట 80 అంగుళాలు వస్తుంది కాబట్టి లైనింగ్ 74. పొడవు 87 చాలు, అందులో అడుగు మడతకి నాలుగు పోను 83 మిగులుతుంది, అంటే కర్టెన్ కంటే అంగుళం పొట్టి. రెండు మంచివైపులూ ఎదురెదురుగా, లైనింగ్ పైకొస పై బట్ట పైకొసకి రెండంగుళాలు కిందికి ఉండేలా పెట్టి, పక్క అంచులు కలిపి అర అంగుళం లోపలికి కుట్టండి, అడుగున పన్నెండు అంగుళాలు మాత్రం కుట్టకుండా ఆపేయండి. తిరగేస్తే పై బట్ట రెండు పక్కలా ఒకటిన్నర అంగుళం వెనక్కి తిరుగుతుంది, ముందు నుంచి లైనింగ్ అసలు కనపడదు. రెండు పక్కలా ఆ ఒకటిన్నర సమానంగా ఉందో లేదో టేపుతో చూసుకుంటూ ఇస్త్రీ చేయండి. పై బట్ట జాయింటూ లైనింగ్ జాయింటూ ఒకదాని వెనక ఒకటి వచ్చేలా ముందే చూసుకుంటే మంచిది, లేదంటే ఎండ వెనక నుంచి పడ్డప్పుడు రెండు నిలువు గీతలు కనపడతాయి. ఆ జాయింట్ల దగ్గర లోపల చెయ్యి పెట్టి, ఈ కుట్టు మిగులునీ ఆ కుట్టు మిగులునీ అడుగుకొక చోట వదులుగా చేత్తో కలపండి, లైనింగ్ గాలికి విడిగా ఎగరకుండా ఉంటుంది. కలిపే ముందు లోపల దారం ముక్కలు, కత్తిరింపులు ఏమీ లేకుండా దులపండి. లోపల ఉండిపోయిన ఎర్ర దారం ముక్క రాత్రి కనపడదు, మర్నాడు పొద్దున వెలుతురు రాగానే గీతలా తేలుతుంది.

వెలుతురు పూర్తిగా ఆపే బ్లాక్అవుట్ లైనింగ్ అయితే గుండుసూదులు అసలు వాడకండి. సూది దిగిన ప్రతిచోటా రంధ్రం అలాగే ఉండిపోతుంది, చీకటి గదిలో చుక్కలు చుక్కలుగా వెలుగు కనపడుతుంది. క్లిప్పులు వాడండి, కుట్టు విప్పే పని రాకుండా కొలత రెండోసారి చూసుకుని కుట్టండి. పూత ఉన్న వైపు మిషన్ పాదానికి అతుక్కుంటుంది, మధ్యలో పల్చటి కాగితం పెట్టి కుట్టి తర్వాత చించేస్తే సరి. ఈ లైనింగ్ బరువు కూడా ఎక్కువ, రాడ్డుని పట్టి ఉంచే బ్రాకెట్లు గట్టివో కావో చూసుకోండి.

పైభాగం తేలికే. పై బట్టని రెండంగుళాలు లైనింగ్ మీదికి మడిచి, దాని మీద కుచ్చుల టేపు పెట్టి పైనొకటి కిందొకటి కుట్టు వేయండి, రెండూ ఒకే దిక్కున. టేపులోని తాళ్ళు ఒక చివర ముడివేసి, రెండో చివర లాగి కుచ్చులు పెట్టాక మిగిలిన తాడు కోయకండి, చుట్టి దాచండి. ఉతికేటప్పుడు, ఇస్త్రీ చేసేటప్పుడు కుచ్చులు విప్పి కర్టెన్‌ని చదునుగా చేసుకోవాలంటే ఆ తాడు కావాలి. టేపు బదులు రింగులు కావాలంటే వాటి సంఖ్య సరిసంఖ్య అయ్యుండాలి, అప్పుడే రెండు చివరలూ గోడ వైపుకి తిరుగుతాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, అడుగు. మడత కుట్టకుండానే కర్టెన్‌ని రాడ్డుకి వేలాడదీయండి. నాలుగైదు రోజులు అలా ఉంచండి. వదులుగా నేసిన లినెన్ లాంటివి సొంత బరువుకే దిగుతాయి, అంగుళం దిగడం కూడా మామూలే. ఎంత దిగాలో అంత దిగాక, నేల నుంచి అర అంగుళం పైకి స్కేలు పెట్టి, చివర నుంచి చివరకి గుండుసూదులతో గుర్తు పెట్టుకుంటూ రండి. బ్లాక్అవుట్ వేసినవాళ్ళు లైనింగ్‌ని పక్కకి తొలగించి పై బట్టకే గుర్తు పెట్టండి. నేలలు అన్నిచోట్లా సమంగా ఉండవు, కర్టెన్‌ని కిందికి దింపి ఆ గుర్తులు చూస్తే ఒక చోట నాలుగో వంతు అంగుళం తేడా ఉంటుంది. ఆ తేడాని అలాగే ఉంచి మడవండి, వేలాడదీస్తే నేలకి సమంగా కనపడుతుంది.

పై బట్ట మడత నాలుగంగుళాలు, మళ్ళీ నాలుగంగుళాలు. రెండూ సమానంగా ఉండడం ముఖ్యం. లోపలి మడత చిన్నదైతే వెలుతురు పడ్డప్పుడు మడత మధ్యలో ఎక్కడో ఒక నీడ గీత అడ్డంగా కనపడుతుంది, సమానంగా ఉంటే మడతంతా ఒకే రంగులో ఉంటుంది. ఈ హెమ్మింగ్ మాత్రం మిషన్‌తో వద్దు, చేత్తోనే చేయండి. మడత అంచులోంచి సూది తీసి, పై బట్టలో ఒకటో రెండో పోగులు మాత్రమే పట్టుకుని, మళ్ళీ మడతలోకి పోయి అర అంగుళం ముందుకి రావాలి. దారం బిగించకండి, బిగిస్తే మంచివైపు చిన్న చిన్న గుంటలు పడతాయి. మిషన్ కుట్టు అడుగున అడ్డంగా గీసిన గీతలా దూరం నుంచే తెలుస్తుంది, చేతి కుట్టు ఎంత దగ్గరికి వచ్చినా తెలియదు. రేడియో పెట్టుకుని కూర్చుంటే ఒక సాయంత్రం హాయిగా గడిచిపోయే పని ఇది, నాకు మొత్తం కర్టెన్‌లో ప్రాణం ఇక్కడే ఉంటుంది.

మూలలు ఎత్తుగా ముద్దలా రాకుండా ఇలా చేయండి. పక్క మడతా అడుగు మడతా రెండూ విప్పండి. పక్క మడత గీత, కర్టెన్ అడుగు వచ్చే మడత గీతని కలిసిన చోట ఒక గుండుసూది, అడుగు మడత పై భాగం బట్ట పక్క అంచుని కలిసిన చోట ఒకటి పెట్టి, ఆ రెండు సూదుల్ని కలుపుతూ మూలని ఏటవాలుగా లోపలికి మడవండి. పక్క మడత ఒకటిన్నర, అడుగు మడత నాలుగు కాబట్టి అది సరిగ్గా నలభై ఐదు డిగ్రీల వాలు కాదు, సూదులు చెప్పిన చోటే మడవాలి. తర్వాత పక్కా అడుగూ మళ్ళీ మడిస్తే మూల చక్కగా మొనదేలి కూర్చుంటుంది. లోపల మిగిలిన బట్ట కోయకండి, ఎప్పుడైనా పొడవు పెంచాల్సి వస్తే కావాలి. మూల మూసే ముందు కర్టెన్ల కోసం అమ్మే చిన్న లోహపు బిళ్ళని ఒక గుడ్డ సంచిలో పెట్టి లోపల కుట్టండి. బిళ్ళని ఉత్తగా వేస్తే అది రాసుకుని బట్ట అరుగుతుంది, కొన్నిటికి తుప్పు మరక కూడా పడుతుంది.

లైనింగ్ అడుగుని రెండంగుళాలు, మళ్ళీ రెండంగుళాలు మడిచి మిషన్ మీదే కుట్టేయండి, అది వెనక ఉండేది. పై బట్ట అడుగు కంటే అంగుళం పైకి రావాలి. ఆపేసి ఉంచిన పన్నెండు అంగుళాల పక్కలని ఇప్పుడు చేత్తో కలిపేయండి. ఇక రెంటికీ మధ్య అడుగున ఉండేది దారంతో అల్లిన చిన్న గొలుసులు మాత్రమే. రెండు పేటల దారాన్ని పై బట్ట మడత వెనక ఒక చిన్న కుట్టు వేసి ఉచ్చు వదలండి, ఆ ఉచ్చులోంచి వేళ్ళతో దారాన్ని లాగి ఇంకో ఉచ్చు, అలా రెండంగుళాల గొలుసు అయ్యాక చివరి ఉచ్చులోంచి సూది తీసి లైనింగ్ మడత లోపల ముడి వేయండి. జాయింటు దగ్గర ఒకటి, ఇంకా వెడల్పుంటే మధ్యలో ఒకటి. లైనింగ్ ఎక్కడికీ ఎగిరిపోదు, దాని పొడవు పెరిగినా తరిగినా పై బట్టకి తెలియదు.

వేలాడదీశాక కుచ్చుల్ని పైనుంచి కిందికి చేత్తో సర్ది, మిగిలిన గుడ్డ పీలికలతో మూడు చోట్ల వదులుగా కట్టి రెండు మూడు రోజులు వదిలేయండి, ఆ తర్వాత ఎన్నిసార్లు తెరిచి మూసినా మడతలు తమంతట తామే ఆ వరసలో పడతాయి. కొన్నేళ్ళకి లైనింగ్ చిరగడం మొదలైతే టేపూ పక్క కుట్లూ విప్పి గొలుసులు తెంపేయండి, పై బట్ట అడుగు మడత జోలికి పోనక్కర్లేదు. కొత్త లైనింగ్ కోసేటప్పుడు పాతదాన్ని కొలతకి పెట్టుకోకండి, అది అప్పటికే సాగి ఉంటుంది, పై బట్టనే మళ్ళీ కొలవండి.